జట్టు ఎవరిది?

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

మా హాస్టల్ మెస్సు ముందర, చేతులు కడుక్కునే కుళాయిల పక్క గోడమీద ఒక చార్టు కాగితం అంటించి ఉంటుంది. సాంబారు చేతుల తుంపరలు పడి సగం అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. మిత్రుల్లో చాలామంది దాన్ని చూసే ఉంటారు, చదివినవాళ్ళు మాత్రం నాకు తెలిసి నలుగురు. ఆ కాగితం నాది. పేరు 'ఆకుపచ్చ-బంగారం'. ఈ కాలేజీలో చేరిన దగ్గర్నుంచి, ఏటా సెప్టెంబరు మొదలు జనవరి దాకా, వారం వారం నేనే రాసి నేనే అంటిస్తున్న గోడపత్రిక.

మొదటి సంచిక అంటించిన రోజునే వార్డెన్ గారు పిలిపించి, "ఆకుపచ్చా, పసుపూ రెండూ వేశావు, ఇది ఏ పార్టీదోయ్?" అని అడిగారు. పార్టీ కాదు సార్, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, గ్రీన్ బే అని ఒక ఊరు, ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్, వాళ్ళ రంగులివి అన్నాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, "చదువెలా ఉంది?" అన్నారు.

నా గదిలోని మిత్రుడు ఇంకో మాట అన్నాడు. "పక్క జిల్లా తిరునాళ్ళకి నువ్వొక్కడివే ప్రభ కట్టుకుని బయల్దేరినట్టుందిరా నీ పని." ఆ మాట నాకు నవ్వూ తెప్పించింది, గుచ్చుకుంది కూడా. ఆ మాటకు జవాబు చెప్పటానికే ఈ వ్యాసం.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. పేరు ఫుట్‌బాలే గాని కాళ్ళతో ఆడేది తక్కువ. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. జట్టుకు పదకొండు మంది. బంతి చేతికి చిక్కిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి ఎదుటివాళ్ళది. అలా గజం గజం నెట్టుకుంటూ అవతలి గట్టు దాటాలి. ఊరికే పరుగులాట అనుకునేవాళ్ళకు విసుగు. మడి తర్వాత మడి తడుపుకుంటూ పోయేవాడికి మాత్రం బాగా అర్థమయ్యే ఆట.

నాకు దీని పిచ్చి అంటించింది మా పెదనాన్న కొడుకు. అన్నయ్య అదే రాష్ట్రంలో మిల్వాకీలో ఎం.ఎస్. చదివాడు. అక్క పెళ్ళికి వస్తూ నాకొక ఉన్ని టోపీ తెచ్చాడు. ఆకుపచ్చ మీద 'జి' అనే అక్షరం. మన ఎండల్లో ఉన్ని టోపీ ఏం చేసుకోను? అయినా పెట్టుకున్నాను. మెస్సులో వడ్డించే ఆయన చూసి, "గ్యాస్ కంపెనీలో చేరావా బాబూ?" అన్నాడు. అన్నయ్య చెప్పిన కబుర్లు మాత్రం టోపీకంటే ఎక్కువ రోజులు పట్టుకున్నాయి. విస్కాన్సిన్ పాడి రాష్ట్రమట. అక్కడి కార్ల నంబరు పలకల మీద కూడా 'అమెరికా పాడి సీమ' అని ఉంటుందట. పక్క రాష్ట్రంవాళ్ళు వీళ్ళను వెక్కిరిస్తూ 'జున్ను తలకాయలు' అంటే, వీళ్ళు సిగ్గుపడలేదు. 1987లో ఒకాయన సోఫాలోని స్పాంజి ముక్క కోసి జున్నుముక్క ఆకారంలో టోపీ చేసి నెత్తిన పెట్టుకున్నాడు. ఇప్పుడు స్టేడియం నిండా అవే టోపీలు. గేదెల కొట్టంలో పెరిగిన నాకు ఇంతకంటే దగ్గరి చుట్టాలు ఎవరుంటారు?

2024 జనవరి 15. సంక్రాంతి పండుగ. తెల్లవారుజామున మూడింటికి ప్యాకర్స్‌కూ డల్లాస్ జట్టుకూ ఆట. వాళ్ళకి అది ఆదివారం సాయంత్రం. మా ఊళ్ళో ఫోనుకు సిగ్నల్ సరిగ్గా అందేది గేదెల కొట్టంలో ఒక మూలనే. దుప్పటి కప్పుకుని గడ్డిమోపు మీద కూర్చున్నాను. బొమ్మ రాదు, స్కోరు మాత్రమే మారుతూ ఉంటుంది. ముందంజ పోటీల్లోకి అందరికంటే చివరన, ఏడో స్థానంలో వచ్చిన మా జట్టు, అంత పేరున్న డల్లాస్‌ను వాళ్ళ ఊళ్ళోనే ఒక దశలో 27–0 దాకా తీసుకుపోయింది. ముగ్గు వెయ్యటానికి లేచిన అమ్మ కొట్టంలో వెలుతురు చూసి దొంగ అనుకుని కేక పెట్టింది. చివరికి 48–32. ఏడో స్థానంలోంచి వచ్చి ఆ దశలో గెలిచిన జట్టు అంతకుముందు లేదు. నేను ఎగిరి గంతేశాను. గేదె బెదిరింది. పాలు పితుకుతున్న నాన్న తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎవరు గెలిచార్రా?"

"మనవాళ్ళే నాన్నా."

"మనవాళ్ళంటే? నీకేమన్నా వాటా ఉందా అందులో?"

నాన్న వెటకారంగా అన్నాడో, మామూలుగానే అన్నాడో ఇప్పటికీ చెప్పలేను. కానీ ఆ ప్రశ్నలో ఒక తమాషా ఉంది. అమెరికాలో ఈ ఆట ఆడే 32 పెద్ద జట్లలో, "మాకు వాటా ఉంది" అని ఊరి జనం చెప్పుకోగలిగింది ఈ ఒక్క జట్టు విషయంలోనే.

1919లో గ్రీన్ బేలో ఒక పత్రికాఫీసు గదిలో పుట్టిందీ జట్టు. కర్లీ లాంబో అనే కుర్రవాడు, జార్జి కాల్హూన్ అనే పత్రికా రచయిత కలిసి మొదలుపెట్టారు. లాంబో పనిచేసే మాంసం డబ్బాల కంపెనీ చొక్కాలకు డబ్బిచ్చింది. ఆ డబ్బాలు ప్యాక్ చేసేవాళ్ళ పేరే జట్టుకు మిగిలిపోయింది. తొలిరోజుల్లో కాల్హూన్ ప్రేక్షకుల మధ్య టోపీ పట్టుకుని తిరిగి చందాలు పోగుచేసేవాడు. ఆ చందాలతో ఎన్నాళ్ళు నడుస్తుంది? 1923లో దాన్ని లాభాపేక్ష లేని సంఘంగా మార్చి, 5 డాలర్లకొక వాటా చొప్పున ఊరివాళ్ళకు అమ్మారు. 1935లో దివాలా అంచుకు వస్తే మళ్ళీ వాటాలు అమ్మి 15,000 డాలర్లు కూడబెట్టారు. 1950లో మళ్ళీ. తర్వాత 1997లో, 2011లో, 2021లో. ఇప్పుడు వాటాదార్లు ఐదు లక్షల పైమాటే. గ్రీన్ బే జనాభా మాత్రం 2020 లెక్కల ప్రకారం లక్షా ఏడు వేలు. మన జిల్లా కేంద్రాల్లో చాలావాటికంటే చిన్న ఊరు. అక్కడి స్టేడియంలో 81,000 మందికి పైగా కూర్చోవచ్చు. సీజను టిక్కెట్టు కోసం పేరు రాయించుకుని ఎదురుచూసేవాళ్ళు లక్ష దాటారు. ఇంతటి ఊరి జట్టు మొత్తం 13 సార్లు జాతీయ విజేత అయింది. మరే జట్టూ ఇన్నిసార్లు కాలేదు.

నా మిత్రుడన్న ప్రభ మాట ఇక్కడ గుర్తుకొస్తుంది. కోటప్పకొండ తిరునాళ్ళకు మా ఊరినుంచి కదిలే ప్రభ ఎవరిది? కట్టినవాడిదా, లాగినవాడిదా, ముందుండి డప్పు కొట్టినవాడిదా? ఇంటింటా చందా వేసుకుని కట్టింది కాబట్టి ఊరందరిదీ. దాన్ని ఎవడో ఒకడు రాత్రికిరాత్రి ఎత్తుకుపోయి ఇంకో ఊళ్ళో నిలబెడతానంటే ఊరుకుంటామా?

ఎత్తుకుపోతే ఎలా ఉంటుందో బాల్టిమోర్ ఊరివాళ్ళను అడగాలి. 1984 మార్చి 28 రాత్రి వాళ్ళ కోల్ట్స్ జట్టు సామానంతా లారీలకెత్తి యజమాని ఇండియానాపొలిస్‌కు తరలించేశాడు. ముప్ఫై ఏళ్ళు గొంతు చించుకుని అరిచిన జనం తెల్లారి లేచి చూస్తే జట్టు లేదు. 1995 నవంబరులో క్లీవ్‌లాండ్‌కూ అదే గతి పట్టింది. అక్కడి బ్రౌన్స్ జట్టును బాల్టిమోర్‌కు తీసుకుపోతున్నానని యజమాని ప్రకటించాడు. అయితే క్లీవ్‌లాండ్ జనం ఊరుకోలేదు. ఉత్తరాలు రాశారు, ఊరేగింపులు తీశారు, కోర్టుకెక్కారు. ఆటగాళ్ళు వెళ్ళిపోయారు గాని జట్టు పేరు, రంగులు, చరిత్ర క్లీవ్‌లాండ్‌కే మిగిలాయి. 1999లో అదే పేరుతో కొత్త జట్టు వచ్చింది. ఈమధ్యనే 2016లో సెయింట్ లూయిస్, 2017లో శాన్ డియేగో, 2020లో ఓక్లాండ్ తమ జట్లను పోగొట్టుకున్నాయి. ప్యాకర్స్‌ను మాత్రం ఎవరూ తీసుకుపోలేరు. సంఘాన్ని మూసేసినా వచ్చే సొమ్ము ధర్మకార్యాలకే పోవాలని నిబంధనల్లో రాసుకున్నారు. అమ్ముకుంటే ఎవడికీ లాభం లేనప్పుడు అమ్మేదెవడు?

ఇదంతా చెబితే మా ఎకనామిక్స్ మిత్రుడొకడు నవ్వేశాడు. "ఆ వాటా మీద లాభం పంచరు. ఎక్కువ ధరకి అమ్ముకోనివ్వరు. టిక్కెట్టు కూడా ఉచితంగా ఇవ్వరు. మొన్నమొన్నటి అమ్మకంలో ఒక్కో వాటా 300 డాలర్లు. గోడకి తగిలించుకునే కాగితం కోసం అంత డబ్బు పోశారంటే వాళ్ళకంటే వెర్రివాళ్ళు లేరు" అన్నాడు. కోచ్‌ను పెట్టేదీ తీసేదీ వాటాదార్లు కాదన్న మాట కూడా నిజమే. వాళ్ళు డైరెక్టర్లను ఎన్నుకుంటారు, వాళ్ళలోంచి ఏడుగురి కార్యవర్గం పెత్తనం చేస్తుంది. లీగులో ఇంకో జట్టు ఇలా ఏర్పడటానికి కూడా వీల్లేదు. నిబంధనలు ఒప్పుకోవు. పాతది కాబట్టి దీన్నొక్కదాన్ని ఉండనిచ్చారు.

ఇవన్నీ ఒప్పుకుంటాను. అయినా నాకు ఆ కాగితం విలువ తక్కువగా కనిపించటం లేదు. ఎందుకంటే ఏటా జూలైలో వాటాదార్ల సమావేశం జరుగుతుంది. స్టేడియంలోనే. వేలమంది వస్తారు. ఎంత వచ్చింది, ఎంత పోయింది అని ఏటా లెక్కలు బయట పెడతారు. మిగతా 31 జట్ల జమాఖర్చులు ఇలా జనం ముందుకు రావు. కోట్ల డాలర్ల వ్యాపారంలో ఆ ఒక్క ఊరివాడికే "చూపించు" అని అడిగే హక్కుంది. ఆ హక్కు ఉన్నందుకు అక్కడికి వచ్చి కూర్చుంటున్నాడు. నాకు నచ్చింది అదీ.

ఇది నాకు ఎందుకింత పట్టిందో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా ఊళ్ళో ఒకప్పుడు పాల సంఘం ఉండేది. నాన్న అందులో సభ్యుడు. అమ్మ పెట్టె అడుగున, పెళ్ళి చీర కింద, ఆ వాటా రసీదు ఇప్పటికీ ఉంది. నా చిన్నప్పుడు పొద్దున్నే క్యాను పట్టుకుని నాన్న వెనకాల కేంద్రానికి వెళ్ళటం నాకు గుర్తే. వెన్న శాతం చూసి చీటీ రాసేవాళ్ళు. తర్వాత తర్వాత శాతం తగ్గుతోందన్నారు. బోనసు లేదన్నారు. ఒకరోజు కేంద్రానికి తాళం పడింది. ఇప్పుడు మా పాలు ఒక ప్రైవేటు బండికి పోస్తున్నాం. ధర వాళ్ళు చెప్పిందే.

పోయిన వేసవి సెలవుల్లో ప్యాకర్స్ సమావేశం గురించి రాసిన నా గోడపత్రికను నాన్నకు చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విన్నాడు. విని, "మాకూ ఏడాదికోసారి మీటింగుండేదిరా" అన్నాడు.

"నువ్వు వెళ్ళేవాడివా?"

"ఎందుకెళ్ళటం? పుస్తకం ఇంటికే తెచ్చి సంతకం పెట్టించుకుపోయేవాళ్ళు. మనకి పనులుండవూ?"

కాసేపాగి మళ్ళీ తనే అన్నాడు. "ఒకళ్ళం కూడా వెళ్ళలా."

నాన్న గొంతులో కోపం లేదు. అదే నన్ను బాధపెట్టింది. ఆ సంఘం మూతపడటంలో ఎవరి తప్పు ఎంతో తేల్చే తెలివి నాకు లేదు. పెద్ద కారణాలే ఉండి ఉంటాయి. కానీ అడగవలసిన రోజున అడిగేవాడు లేడన్నది మాత్రం నాన్న నోటితోనే విన్నాను. వాటా ఉంది, వాటాదారుడు లేడు.

ఇంతకీ నాకు ప్యాకర్స్‌లో వాటా లేదు. ఆ స్టేడియం కంటితో చూడలేదు. మరి నేను 'మనవాళ్ళు' అని ఏ హక్కుతో అంటున్నాను? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. దీనికి నాకు దొరికిన జవాబు మా గోడపత్రికలోంచే వచ్చింది.

సంక్రాంతి గెలుపు గురించి రెండు చార్టుల నిండా రాశాను. ఆ తర్వాతి ఆదివారమే, 2024 జనవరి 21 పొద్దున, శాన్ ఫ్రాన్సిస్కోతో ఆట. మావాళ్ళు 21–17తో ముందున్నారు. ఆరు నిమిషాల చిల్లర ఉందనగా ఆండర్స్ కార్ల్‌సన్ అనే కొత్త కుర్రవాడు 41 గజాల దూరంనుంచి తన్నిన బంతి గురి తప్పింది. ఆఖరికి 24–21తో ఓడిపోయాం. నాకు ఆ రోజు టిఫిను కూడా సహించలేదు. ఆ వారం పత్రిక వెయ్యలేదు. నాలుగు రోజులయ్యాక ఫిజిక్స్ సీనియరు ఒకాయన, నా నలుగురు పాఠకుల్లో ఒకరు, చేతులు కడుక్కుంటూ అడిగారు. "ఏమోయ్, ఓడిపోతే నీ పత్రిక రాదా?"

తలెత్తలేకపోయాను. ఆ రాత్రే కూర్చుని రాశాను. మొదటి చిత్తులో కార్ల్‌సన్‌ను నానా మాటలూ అన్నాను. తర్వాత ఆట మొత్తం మళ్ళీ చూసి, ఆ తప్పిదానికి ముందూ తర్వాతా ఎవరెవరు ఏమేం జారవిడిచారో వరసగా రాసుకుంటే, ఒక్కడి నెత్తిన వెయ్యటానికి చెయ్యి రాలేదు. 2015 జనవరి 18న సియాటిల్‌లో జరిగింది కూడా ఆ సంచికలోనే రాశాను. గెలుపు చేతిలో ఉండగా బ్రాండన్ బోస్టిక్ అనే ఆటగాడు తను అడ్డుకాయవలసినవాడు బంతికోసం ఎగిరాడు. బంతి జారిపోయింది, 28–22తో ఓడిపోయారు. ఆ తర్వాత ఆ మనిషిని చంపుతామని బెదిరింపులు వచ్చాయి. నెల తిరక్కుండా జట్టులోంచి తీసేశారు. వాటాలున్న ఊరి అభిమానులు కూడా అన్నివేళలా బంగారాలేం కాదు. అది రాయకపోతే నేను రాసేది భజన అవుతుంది గాని పత్రిక కాదు.

మనకు అభిమానం కొత్త కాదు. హీరో సినిమా విడుదలైతే ఫ్లెక్సీకి పాలాభిషేకం చేస్తాం. ఆ పాలు పితికిన చేతులు మా ఇంట్లో ఉన్నాయి కాబట్టి నాకు ఆ దృశ్యం ఎప్పుడూ మనసుకు పట్టలేదు. అభిమానం తప్పని నేనను. నేనూ ఉన్ని టోపీ పెట్టుకుని ఎండలో తిరిగినవాడినే. కానీ ఆ అభిమానం మన చేత ఏం చేయిస్తోంది? గ్రీన్ బేలో మంచు కురిస్తే స్టేడియం శుభ్రం చెయ్యటానికి రమ్మని కబురు పెడతారు. కూలి ఇస్తారు, నిజమే. అయినా తెల్లారకముందే వందలమంది పారలు పట్టుకుని బారులు తీరతారు. వేసవి సాధనకు వచ్చిన ఆటగాళ్ళకు పిల్లలు తమ సైకిళ్ళు ఇస్తారు. అంతంత భారీ మనుషులు ఆ బుల్లి సైకిళ్ళు తొక్కుకుంటూ మైదానానికి వెళుతుంటే సైకిలు సొంతదారు పక్కన పరుగెత్తుతాడు. 1967 డిసెంబరు 31న సున్నాకు దిగువన 25 డిగ్రీల చలిలో, రిఫరీల ఈలలు గడ్డకట్టిన రోజున కూడా, సుమారు 50,000 మంది కూర్చుని ఆట చివరిదాకా చూశారు. ఆ రోజు వాళ్ళకు గెలుపు దొరికింది. దొరకని రోజులూ బోలెడు. 1958లో పన్నెండు ఆటల్లో ఒక్కటే గెలిచారు. అప్పుడూ జట్టు ఊళ్ళోనే ఉంది, జనమూ ఉన్నారు.

అందుకని నా అభిప్రాయం ఇదీ. మనవాళ్ళు అనే మాట కాగితంతో రాదు, అరుపుతోనూ రాదు. ఓడిన వారం కూడా పత్రిక వెయ్యాలి, అందులో నిజం రాయాలి, లెక్కలు చెప్పే రోజున వెళ్ళి కూర్చోవాలి. మొదటి రెండూ నేను ఆలస్యంగానైనా నేర్చుకున్నాననే అనుకుంటున్నాను.

మూడోదాని సంగతి ఒప్పుకుని ముగిస్తాను. గత నవంబరులో ఒక సోమవారం పొద్దున మా మెస్సు జమాఖర్చుల సమావేశం పెట్టారు. బియ్యం ధర ఎందుకు పెరిగింది, పెరుగు ఎందుకు పల్చబడింది అని నెలంతా అందరికంటే గట్టిగా గొణిగినవాణ్ణి నేనే. ముందురోజు రాత్రి పదకొండున్నరకు ప్యాకర్స్ ఆట మొదలైంది, అయ్యేసరికి మూడు దాటింది. నేను లేచేసరికి సమావేశం అయిపోయింది. మూడువందల మంది తినే మెస్సుకు పదకొండు మంది వచ్చారట. మధ్యాహ్నం మెస్సు కార్యదర్శి పుస్తకం పట్టుకుని మా గదికి వచ్చి, "కోరం కోసం ఒక సంతకం పడెయ్ బాబూ" అన్నాడు.

పెన్ను తీశాను. పెట్టె అడుగున పెళ్ళి చీర కింది రసీదు గుర్తొచ్చింది. సంతకం పెట్టలేదు. "నేను రాలేదు కదా, మళ్ళీ పెట్టండి, ఈసారి వస్తాను" అన్నాను. అతనికి కోపం వచ్చింది. రావటం న్యాయమే.

ఆ సమావేశం ఇంకా పెట్టలేదు. పెడితే ఆ తేదీని 'ఆకుపచ్చ-బంగారం'లో, స్కోరుకంటే పైన, పెద్ద అక్షరాలతో రాస్తాను. చేతులు కడుక్కునేటప్పుడు ఒకసారి అటు చూడండి.